వచ్చినట్టే లెక్క

గొర్రె ఒంటి మీది ఉన్ని అంతా ఒకే దుప్పటిలా ఊడి వస్తుంది. దాన్ని నేల మీంచి ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. వెనక కాళ్ళ దగ్గరి ఉన్నిని రెండు గుప్పిళ్ళలో ఇరికించుకుని, మిగిలినదాన్ని గుండెకు హత్తుకుంటూ పోగుచేసి, బల్ల దగ్గరికి పరుగున వెళ్ళి, చెరువులోకి వల విసిరినట్టు విసరాలి. చెయ్యి తిరిగినవాళ్ళు విసిరితే అది గాలిలోనే విచ్చుకుని బల్ల నిండా పరుచుకుంటుంది. లిండల్‌కి ఆ పని అబ్బి చాలా ఏళ్ళయింది. ఆ సోమవారం పొద్దున మాత్రం, కత్తిరింపు షెడ్డులో, ఉన్ని కోసేవాళ్ళు వరసగా నిలబడే చోట, మూడో స్టాండు దగ్గర ఎత్తిన మొదటి ఉన్ని సగం బల్ల మీదా, సగం నేల మీదా పడింది.

"ఏంటమ్మాయ్, పక్కబట్టలు ఆరేస్తున్నావా?" అన్నాడు నెవ్, మొదటి స్టాండు నుంచి. అరవై దాటినా ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువ గొర్రెల ఉన్ని దించేది అతనే. మాట్లాడుతున్నా అతని చేతిలోని మిషను గొర్రె పక్కటెముకల వెంట ఆగకుండా పోతూనే ఉంది.

"చలికి వేళ్ళు వంగట్లేదు," అంది లిండల్.

నిజానికి వేళ్ళు బాగానే వంగుతున్నాయి. మూడో స్టాండులో ఉన్నది బ్రోడీ. ఆమె కూతురు ఎడీకి తండ్రి. విడిపోయి మూడేళ్ళయింది. విడిపోయాక ఒకే షెడ్డులో పని పడటం ఇదే మొదటిసారి. మార్చిలో ఒక పొట్టేలు తన్నుకుని మెలి తిరిగినప్పుడు బ్రోడీ నడుం పట్టేసింది. అప్పట్నుంచి పనిలోకి రాలేదు. ఇప్పుడు ఆగస్టులో, అక్కడి చలికాలం చివర, దూలానికి వేలాడే స్ప్రింగు పట్టీలో ఛాతీ ఆనించి, సగం బరువు దాని మీద వేసి వంగుతున్నాడు. ఆ పట్టీ వాడేవాళ్ళని ఒకప్పుడు అతనే ఉయ్యాల పాపాయిలని వెక్కిరించేవాడు.

ఇద్దరూ పొద్దున ఒకరికొకరు తలాడించుకున్నారు. అంతే. ఆమె అతని కాళ్ళ మధ్య నుంచి పొట్ట ఉన్నిని చీపురుతో లాగేసింది. అతను కాలు పక్కకి జరిపాడు.

చెయ్యి తప్పడానికి ఇంకో కారణం ఆమె జేబులో ఉంది. తెల్లవారుజామున ఊళ్ళోంచి బయల్దేరి వస్తుంటే, సిగ్నల్ ఉన్న ఆఖరి గుట్ట మీద ఫోన్ మోగింది. కుటుంబాలకిచ్చే భత్యాల ఆఫీసు నుంచి సందేశం. పిల్ల తండ్రి ఆదాయం మారినందువల్ల ఎడీ పేరున వచ్చే భత్యం ఈ పక్షం నుంచి తగ్గుతుందట. ఎంత తగ్గుతుందో కూడా ఉంది. సరిగ్గా ఏటా కట్టే కారు రిజిస్ట్రేషన్ కోసం ఆమె పక్కన పెట్టుకుంటూ వచ్చిన మొత్తం అంత. రిజిస్ట్రేషన్ ఆదివారంతో అయిపోతుంది. అది కట్టకపోతే వచ్చే సోమవారం ఇంకో షెడ్డుకి వెళ్ళడానికి కారు తీయడానికి లేదు. ఆ దారిలో బస్సులుండవు. షెడ్డుకి రాలేని మనిషికి కాంట్రాక్టరు రెండోసారి ఫోన్ చేయడు.

కానీ దారంతా ఆమె తలలో తిరిగింది కారు కాదు. మార్చి నుంచి బ్రోడీ పైసా ఇవ్వలేదు. ఇవ్వని మనిషి ఆదాయం మారితే, తనకొచ్చేది ఎందుకు తగ్గాలి? కుట్టు మిషను ఆగిపోతే విప్పి చూసేదాకా నిద్రపట్టని రకం ఆమె. కోపం రావాల్సిన చోట ఆమెకి ముందు ఆరాటం వచ్చింది. ఇది ఎలా పనిచేస్తుంది? ఎక్కడ ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతోంది?

టీ గంట కొట్టగానే మిషన్లు ఆగాయి. అందరూ మగ్గులు పట్టుకుని వంటపాక వైపు నడిచారు. లిండల్ నీళ్ళ ట్యాంకు నిచ్చెన సగం దాకా ఎక్కింది. ఆ గొర్రెల ఫారంలో సిగ్నల్ దొరికేది అక్కడే. ఒక మోచేత్తో నిచ్చెనని పట్టుకుని ఆఫీసుకి ఫోన్ చేసింది. "మీ ఫోన్ మాకు ముఖ్యం" అంది ఒక గొంతు. తర్వాత పియానో పాట మొదలైంది. ఒకే చరణం, ముగింపు దాకా వచ్చి మళ్ళీ మొదటికి పోయేది. అది వింటూ ఆమె కింద దొడ్డిలో కుక్క గొర్రెల వీపుల మీదుగా పరుగెత్తడం చూసింది. పాట మధ్యలో షెడ్డు గంట కొట్టింది.

ఆమె దిగి వచ్చేసరికి మిషన్లు మొదలయ్యాయి. బల్ల దగ్గర హెక్టర్ ఉన్నిని చేతివేళ్ళతో సాగదీసి, చెవి దగ్గర టప్పున లాగి బలం చూస్తున్నాడు. ఉన్నిని రకాలుగా వేరుచేయడం అతని పని. షెడ్డులో పెత్తనం కూడా అతనిదే.

"టీ ట్యాంకులో తాగావా?" అన్నాడు.

"ఖాళీ లేదండీ అక్కడ కూడా. క్యూ ఉంది."

*

మంగళవారం మధ్యాహ్నం భోజనాల విరామంలో కూడా పియానో పాటే వినిపించింది. ఆఫీసు ఫోన్లు అయిదింటికి మూతపడతాయి. షెడ్డు అయిదున్నరకి. వెబ్‌సైటులో అడిగితే, ఈ విషయానికి ఫోన్ చేయండి అని వచ్చింది.

పని ఉన్న వారమంతా అందరి మకాం అక్కడే. సాయంత్రం ఆమె వంటపాకకి వెళ్ళింది. మర్లీన్ అక్కడ బంగాళదుంపలు చెక్కుతోంది. షెడ్డుల వెంట తిరిగి వండిపెట్టే ఆ పెద్దామెకి తెలియని కుటుంబం ఆ చుట్టుపక్కల లేదు. లిండల్ ఇంకో కత్తి తీసుకుని ఎదురుగా కూచుంది.

"పాట నేర్చేసుకున్నావా?" అంది మర్లీన్.

"మొత్తం వచ్చేసింది. పెళ్ళిళ్ళకి వాయించగలను."

"సంగతేంటి?"

లిండల్ చెప్పింది. చెబుతూ మధ్యలో రెండు బంగాళదుంపలు బల్ల మీద పెట్టింది. "ఇది గవర్నమెంటు ఇచ్చేది. ఇది పిల్ల తండ్రి ఇచ్చేది. ఇది ఎక్కువుంటే అది తగ్గిస్తారు. అంతవరకు నాకు తెలుసు. సబబే." రెండో దుంప తీసి గిన్నెలో వేసేసింది. "ఇప్పుడు ఇది లేదు. మరి అది పెరగాలా, తగ్గాలా?"

మర్లీన్ మిగిలిన దుంపని కాసేపు చూసింది. "పెరగాలి."

"తగ్గింది."

"అతన్ని అడిగావా, ఎందుకివ్వట్లేదని?"

"అడగలేదు."

"అయిదు నెల్లుగా?"

"మంచం మీదున్న మనిషిని ఏం అడుగుతాం? ఎడీ శనివారాలు వెళ్తే ఇద్దరూ పేకాడుకుంటారు. వెళ్ళొచ్చి నాన్న బోర్లా పడుకుని ఆడాడని చెబుతుంది. ఇవ్వగలిగిన రోజున ఇస్తాడు. ఇంతకు ముందు ఒక్క పక్షం తప్పలేదు మర్లీన్. శుక్రవారం గేటు దగ్గర చేతిలో పెట్టేవాడు."

"ఆఫీసువాళ్ళతో వసూలు చేయించుకోవచ్చుగా. మా చెల్లెలు అదే చేసింది."

లిండల్ కత్తి ఆగింది. విడిపోయిన రోజున ఇద్దరూ వంటింట్లో నిలబడి చేతులు కలిపి అనుకున్న మాట ఒకటుంది. మన మధ్యలోకి గవర్నమెంటు వద్దు, మనమే ఇచ్చిపుచ్చుకుందాం అని. ఆఫీసుకీ అదే చెప్పారు. ఇప్పుడు అతను ఇవ్వట్లేదని చెబితే ఆఫీసు కాంట్రాక్టరుకి రాస్తుంది. కాంట్రాక్టరు కూలిలో కోస్తాడు. శుక్రవారం కూలి చీటీలు పంచేటప్పుడు అందరికీ తెలుస్తుంది. ఎవరు చెప్పారో కూడా తెలుస్తుంది. షెడ్డుల్లో తాగి పడిపోయినవాణ్ణి క్షమిస్తారు, అప్పు ఎగ్గొట్టినవాణ్ణి కూడా క్షమిస్తారు. తోటివాడి మీద పైకి చెప్పినవాణ్ణి మాత్రం క్షమించరు. ఆమె పనిలో చేరిన కొత్తలో ఒకతను అలా చెప్పాడు. తెల్లారి చూస్తే అతని పరుపుచుట్ట చెరువులో తేలుతోంది. ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. అతను దాన్ని పిండుకుని, కారులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"నేను ఎవరి మీదా చెప్పను," అంది లిండల్. "పేరెత్తకుండా అడుగుతాను. ఇదెలా జరుగుతుందో చెప్పండి చాలు అంటాను."

"పేరెత్తకుండా చెప్పడానికి వాళ్ళేమన్నా జాతకాలు చూస్తారా?" అంది మర్లీన్, ఇంకో దుంప ఆమె ముందుకి తోస్తూ.

*

బుధవారం పొద్దున జల్లు పడింది. పెద్ద వాన కాదు. రేకుల మీద చప్పుడు కూడా సరిగా వినిపించలేదు. కానీ రాత్రి బయట ఉండిపోయిన మంద మెడల దగ్గర తేమ తగులుతోంది. తడిసిన గొర్రెని కత్తిరిస్తే ఒళ్ళు నొప్పులూ, కీళ్ళ నొప్పులూ వస్తాయని కత్తిరించేవాళ్ళ నమ్మకం. అందుకని ఓటు వేస్తారు. తలా రెండు గొర్రెలు దించి, చిన్న కాగితం ముక్క మీద తడి అనో పొడి అనో రాసి హెక్టర్ టోపీలో వేయాలి. ఎవరేం రాశారో ఎవరూ చెప్పరు. తడి అని తేలితే ఆ రోజు పని లేదు. లిండల్ లాంటి ఉన్ని ఎత్తేవాళ్ళకి ఆ ఓటు లేదు.

ఆమె చీపురు మీద గడ్డం ఆనించి చూసింది. ఒక రోజు సెలవు దొరికితే ట్యాంకు నిచ్చెన మీద రోజంతా కూచోవచ్చు. పాట ఎప్పటికైనా ఆగక తప్పదు.

హెక్టర్ టోపీలో చెయ్యి పెట్టాడు. "పొడి. పొడి. తడి." ఆఖరి ముక్క విప్పాడు. "పొడి. పదండి."

"ఎవడ్రా ఆ తడి?" అన్నాడు నెవ్, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "నా గొర్రెల మీద ఇసక రాలుతోంది. ఎవడి నడుమో సెలవడుగుతోంది!"

నాలుగో స్టాండు తామా నవ్వాడు. సముద్రం అవతలి దీవుల నుంచి ఏటా చలికాలానికి వచ్చే మనిషి, తక్కువ మాట్లాడతాడు. రెండో స్టాండు డార్సీ ఈల వేశాడు. బ్రోడీ పట్టీ స్ప్రింగు సరిచేసుకుని, చిన్న దొడ్డి తలుపు తోసి, గొర్రెని ముందు కాళ్ళు పట్టి లాక్కొచ్చాడు.

పాపం, నొప్పిగా ఉన్నట్టుంది అనుకుంది లిండల్. అనుకుని, అడగకుండానే అందరికంటే ముందు అతని ఉన్ని ఎత్తింది. అంచుల్లో పేడ ముద్దలు తీసేస్తూ అతని కోత చూసింది. ఒకే చోట రెండుసార్లు మిషను పోతే చిన్న చిన్న తుంపులు రాలతాయి. అయిదు నెలలు మంచం మీదున్న మనిషి ఉన్నిలో ఒక్క తుంపు లేదు.

*

గురువారం టీ గంటకి ముందు మర్లీన్ షెడ్డులోకి వచ్చింది. వంటామె షెడ్డులోకి రావడం అరుదు. చేతిలో కేకు పళ్ళెం పట్టుకుని నేరుగా ఉన్ని బల్ల వెనక గోడ దగ్గరికి వెళ్ళి, పై కిటికీ రేకు పక్కకి జరిపి, తన ఫోన్ ఎత్తి చూసింది.

"రెండు గీతలు," అంది. "పోయినేడు మా మనవడితో ఇక్కణ్ణించే మాట్లాడాను. ఇప్పుడే గుర్తొచ్చింది. ఇక్కడ పెట్టుకో. పాట పాడుకుంటూ ఉంటుంది, నువ్వు పని చేసుకుంటూ ఉండు."

లిండల్ హెక్టర్ వైపు చూసింది. హెక్టర్ ఒక కేకు ముక్క తీసుకున్నాడు. "నా ఉన్నిలో సంగీతం కలవనంతవరకు నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

టీ విరామంలో లిండల్ ఆఫీసుకి ఫోన్ కలిపి అక్కడ పెట్టింది; మళ్ళీ పనికి గంట కొట్టాక కూడా అది కిటికీలోనే ఉండిపోయింది. స్పీకరు గట్టిగా పెట్టినా నాలుగు మిషన్ల మోతలో పియానో సన్నగా, దోమలా వినిపించేది. లిండల్ పరుగెత్తి ఉన్ని ఎత్తేది, విసిరేది, అంచులు తీసేది, చీపురు పట్టేది, కిటికీ కింద నుంచి వెళ్ళినప్పుడల్లా చెవి పైకెత్తేది. కాసేపటికి షెడ్డు మొత్తానికి ఆ పాట పట్టుకుంది. డార్సీ గొర్రెని తిప్పేటప్పుడు ఆ లయలోనే తిప్పాడు.

ఆమె తామా దగ్గర ఉన్ని ఎత్తుతుండగా పాట ఆగిపోయింది.

"హలో? లైన్లో ఉన్నారా?"

లిండల్ ఉన్నిని గుండెకు పట్టుకునే బల్ల దగ్గరికి పరుగెత్తింది. "ఉన్నాను! ఉన్నానండీ!" అని అరిచింది. అవతలి గొంతు ఏదో అంది. మిషన్ల మోతలో ఒక్క ముక్క వినిపించలేదు. "ఏంటండీ? ఇంకోసారి! పెట్టేయకండి!"

నెవ్ తలెత్తి చూశాడు. చెయ్యి పైకి చాచి తాడు లాగాడు. అతని మిషను ఆగిపోయింది.

గొర్రెకింత అని కూలి తీసుకునే మనిషి గంట కొట్టకుండా తాడు లాగడం లిండల్ ఎప్పుడూ చూడలేదు. డార్సీ నెవ్‌ని చూసి తనదీ లాగాడు. తామా లాగాడు. ఆఖరికి మూడో స్టాండు కూడా ఆగింది. నలుగురి మోకాళ్ళ మధ్యా నాలుగు గొర్రెలు, సగం ఉన్ని ఒంటి మీదా సగం నేల మీదా వేలాడుతూ, ఏం జరిగిందోనన్నట్టు ఊరికే కూచున్నాయి.

"వినిపిస్తోందాండీ?" అంది ఫోన్. ఆ నిశ్శబ్దంలో అది షెడ్డంతా పలికింది. "నా పేరు డేమియన్. చాలాసేపు ఆగినందుకు థాంక్స్. ఏం సహాయం చేయమంటారు?"

లిండల్ ఫోన్ అందుకోబోయింది. కిటికీ లోంచి తీస్తే సిగ్నల్ పోతుంది. చెయ్యి కిందికి దించేసుకుంది.

"మా పాప భత్యం తగ్గింది. ఎలా తగ్గిందో తెలుసుకుందామని. తప్పని అనట్లేదండీ. ఎలాగో చెబితే చాలు."

వివరాలు అడిగాడు. పుట్టిన తేదీ చెబుతున్నప్పుడు డార్సీ గాల్లో వేళ్ళు లెక్కపెట్టి కళ్ళు పెద్దవి చేశాడు. ఆమె అతని మీదకి ఒక పేడ ముద్ద విసిరింది.

"ఆ, కనిపిస్తోంది," అన్నాడు డేమియన్. "పాప తండ్రి పోయినేటి ఆదాయం ఇప్పుడు మాకొచ్చింది. బాగా సంపాదించారు. అందుకని పాప కోసం ఆయన మీకివ్వాల్సిన భరణం పెరిగింది. అది పెరిగితే మేమిచ్చేది కొంత తగ్గుతుంది."

"ఇవ్వాల్సింది పెరిగితేనా, ఇచ్చింది పెరిగితేనా?"

"మంచి ప్రశ్న. మీరిద్దరూ మీలో మీరే ఇచ్చిపుచ్చుకుంటామని చెప్పారు కదా. అలా చెప్పినవాళ్ళ విషయంలో, ఆయన ఇవ్వాల్సిందంతా మీకు పూర్తిగా అందుతోందనే మేం అనుకుంటాం. వచ్చినట్టే లెక్క."

"రాకపోయినా?"

"రాలేదని మీరు చెప్పేదాకా."

"అంటే..." లిండల్ బల్ల మీది ఉన్నిలోంచి ఒక ముల్లు ఏరింది. అక్కడ ఇంకేదో దాగి ఉందేమోనన్నట్టు ఆ ఉన్నినే చూస్తూ అంది, "ఊరికే అడుగుతున్నాను. ఒక మనిషి ఇవ్వడం ఆపేస్తే, ఆ లోటు మీరు పూడుస్తారని కాదన్నమాట."

"కాదండీ. మాకు తెలీదు కదా. ఆయన ఇవ్వకపోతే అదీ రాదు, మేమూ ఇక్కడ కోస్తూనే ఉంటాం. రెండు వైపులా పోయేది మీకే."

మొదటి స్టాండులో నెవ్ గొర్రె ఒకసారి కాళ్ళు విదిలించింది. అతను దాన్ని సర్దలేదు.

"మేడమ్, నేరుగా అడుగుతాను," అన్నాడు డేమియన్. "ఈ మధ్య నెలల్లో ఆయన మీకేమైనా ఇచ్చారా?"

షెడ్డులో ఎవరూ కదల్లేదు. ఉన్నిని బేళ్ళుగా తొక్కే కుర్రవాడు కూడా మిషను పిడి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. లిండల్ ముల్లుని వేళ్ళ మధ్య నలిపింది. కారు గుర్తొచ్చింది. నీళ్ళోడుతున్న పరుపుచుట్ట గుర్తొచ్చింది. బోర్లా పడుకుని పేకముక్కలు పట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. నోరు తెరిచింది.

"ఇవ్వలేదు," అంది ఒక గొంతు.

మూడో స్టాండు నుంచి. బ్రోడీ పట్టీలో వేలాడుతూనే తలెత్తాడు. మోకాళ్ళ మధ్య గొర్రె ఉంది. సగం కోసిన గొర్రెని వదిలితే తన ఉన్నిని తనే తొక్కి చింపుకుంటుంది. అందుకని కదలకుండా అక్కణ్ణించే అన్నాడు. "మార్చి నుంచి ఇవ్వలేదు."

"ఎవరండీ అది?"

"ఆయనే," అంది లిండల్. "పాప నాన్న. గొర్రెతో ఉన్నాడు."

ఫోన్‌లో గొంతు మారింది. నెమ్మదిగా అడిగింది. "మేడమ్, మీరు భయం లేకుండా మాట్లాడగలిగే చోటే ఉన్నారా? కావాలంటే తర్వాత చేస్తాను."

"భయమేం లేదండీ. ఇక్కడ ఇంకా ఆరుగురున్నారు. అందరూ పని మానేసి వింటున్నారు."

"పని మానేయలేదు!" అన్నాడు హెక్టర్, ఉన్ని పోచ ఒకటి చెవి దగ్గర లాగుతూ.

"సరే," అన్నాడు డేమియన్. ఆ గొంతులో చిన్న నవ్వు వినిపించింది. వెంటనే సర్దుకున్నాడు. "కానీ ఆయన మాట మీ ఫైలులో నేను రాయలేను. ఆ మాట మీరే చెప్పాలి."

ఆమె బ్రోడీ వైపు చూసింది. మూడేళ్ళలో అతన్ని అంతసేపు చూడలేదు. గడ్డంలో ఉన్ని పోచలు అంటుకున్నాయి. నుదుటి మీది చెమట కంట్లోకి దిగుతున్నా, చేతులు ఖాళీ లేక తుడుచుకోవట్లేదు.

"చెప్పు లిన్," అన్నాడు. "నా మీద చెప్పు."

"ఇవ్వలేదు," అంది ఆమె ఫోన్‌తో. "మార్చి నుంచి ఏమీ ఇవ్వలేదు."

డేమియన్ కీబోర్డు చప్పుడు వినిపించింది. ఇక మీదట వసూలు ఆఫీసు ద్వారా జరుగుతుందన్నాడు. ఆమె చేతికి నిజంగా వచ్చిందే లెక్కలోకి వస్తుంది. వెనకటి బాకీలో మూడు నెలలది అడగగలరు, అంతకు ముందుది కష్టం. వచ్చే పక్షం నుంచి భత్యం మళ్ళీ లెక్కకడతారు. ఈ పక్షానికి ఏమీ చేయలేరు. నడుం పట్టేసి ఇన్నాళ్ళూ పని లేదని లిండల్ అంటే, ఆ సంగతి ఆయనే ఆఫీసుకి చెబితే ఆయన ఇవ్వాల్సింది కూడా తగ్గుతుందని, ఆయన్ని విడిగా ఫోన్ చేయమని చెప్పాడు.

"ఇంకేమైనా తెలుసుకోవాలా?"

"ఆ పియానో పాటకి రెండో చరణం ఉందా?"

"నాకూ తెలీదండీ," అన్నాడు డేమియన్. "మాకు వినిపించదు."

ఫోన్ ఆగిపోయాక ఎవరూ తాడు లాగలేదు. బ్రోడీ తల తిప్పి మొదటి స్టాండు వైపు చూస్తున్నాడు.

"నువ్విస్తే వాళ్ళు కోస్తారు, నువ్వాపితే వాళ్ళు కలుపుతారు అన్నావు," అన్నాడు.

నెవ్ మెడ వెనక గోక్కున్నాడు. "నా విషయంలో అలాగే జరిగిందిరా."

"నీ పెళ్ళాం ఆఫీసు ద్వారా తీసుకునేది."

"అవును."

"ఆ ముక్క చెప్పలేదు నాకు."

"అడిగావా?" అన్నాడు నెవ్. అని, తనకే ఆ మాట నచ్చనట్టు ఆగాడు. లిండల్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నడుం పోయి పడుకున్నవాడికి ధైర్యం చెబుదామని పబ్బులో కూచుని నోటికొచ్చింది వాగాను. పిల్లకి లోటు రాదురా, గవర్నమెంటు చూసుకుంటుందిలే అన్నాను. నిజమనే అనుకున్నాను."

లిండల్ ముల్లుని నేల మీద పడేసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తేలక, ముందు చీపురు అందుకుంది.

"సోమవారం కారుందా నీకు?" అన్నాడు నెవ్.

"లేదు."

"నా బండిలో వెనక సీటుంది. కుక్క పక్కన. అది కిటికీ వైపు వదలదు, ముందే చెబుతున్నాను."

"ఇది షెడ్డా, సంతా?" అని అరిచాడు హెక్టర్. నలుగురూ తాళ్ళు లాగారు. మోత మళ్ళీ పైకప్పు దాకా లేచింది.

*

మధ్యాహ్నం గంట కొట్టాక అందరూ భోజనానికి వెళ్ళారు. లిండల్ చీపురుతో ఆఖరి తుంపులు ఊడుస్తూ మూడో స్టాండు దాకా వచ్చింది. బ్రోడీ పట్టీ విప్పుకుని, గోడకి వీపు ఆనించి, మిషను పళ్ళకి నూనె వేస్తున్నాడు.

"నువ్వు బాగానే గడుపుకుంటున్నావనుకున్నాను," అన్నాడు, నూనె చుక్క మీంచి కళ్ళు తీయకుండా. "నువ్వేమీ అనలేదు. అయితే నెవ్ చెప్పింది నిజమే, వాళ్ళు కలుపుతున్నారు అనుకున్నాను. నిన్నడగడానికి మొహం చెల్లలేదు."

ఆమె చీపురు ఆపలేదు. "నిన్నటి తడి ఓటు నీదేగా?"

అతను మిషను పళ్ళ మీద ఇంకో చుక్క వేశాడు.

"అంత నొప్పిగా ఉంటే హెక్టర్‌కి చెప్పొచ్చుగా."

"నడుం కోసం కాదు. సోమవారం నుంచి చూస్తున్నాను, గంట కొడితే చాలు ఆ నిచ్చెనెక్కి ఫోన్ పట్టుకుని నిలబడుతున్నావు. ఎడీకి ఏమన్నా అయిందేమో అనుకున్నాను. సెలవొస్తే మాట్లాడుకుంటావని."

"నన్నే అడగొచ్చుగా, ఎడీకి ఏమైందని."

"అడగొచ్చు," అన్నాడు. "నువ్వూ అడగొచ్చుగా, డబ్బేదని."

బయట మర్లీన్ పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిలిచింది. లిండల్ చీపురుని స్తంభానికి ఆనించింది. వాకిలి పక్కన, అతనికెదురుగా ఒక ఉన్ని బేలు ఉంది. ఇంకా బరువు తూచలేదు, ముద్ర వేయలేదు. దాని మీద కూచుంది. కాళ్ళు ముందుకి చాపింది.

"నడుం ఎలా ఉంది?" అని అడిగింది.

బ్రోడీ నూనె డబ్బాకి మూత పెట్టాడు. తర్వాత మార్చిలో ఆ పొట్టేలు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.